బుగులుకు ఒక డాక్టరు, తాగుడుకు ఇంకో డాక్టరు

నాకు ముందు వచ్చింది తాగుడు కాదు, బుగులు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసేవాణ్ని. వడ్ల సీజన్‌లో ట్రాక్టర్లు బారులు తీరి, రైతులు నా టేబుల్ చుట్టూ చేరారంటే గుండె దడ, చెమటలు, ఊపిరి ఆడక ప్రాణం ఇప్పుడే పోతుందేమో అన్నంత భయం. ఈసీజీ నార్మల్ వచ్చింది, గ్యాస్ అన్నారు. సాయంత్రం ఒక క్వార్టర్ పడితే మాత్రం కాసేపట్లోనే అంతా సర్దుకునేది.

కొన్నేళ్లకు పొద్దున లేస్తూనే చేతులు వణకడం మొదలైంది, భయం అంతకు ముందుకంటే ఎక్కువైంది, దాన్ని ఆపడానికి పొద్దున్నే బెల్టుషాపు.

మా ఆవిడ, బావ కలిసి ఒక డీఅడిక్షన్ సెంటర్లో చేర్పించారు. తాగుడు మాన్పించారు గానీ బుగులు సంగతి ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి మిల్లుకు పోగానే అదే దడ, మళ్లీ సీసా. ఇంకో డాక్టరేమో టెన్షన్‌కు గోలీలు రాశాడు, తాగుతావా అని ఒక్క మాట అడగలేదు. ఈ మాట ఇప్పటికీ కోపంతోనే రాస్తున్నా, ఎందుకంటే టెన్షన్‌కు ఇచ్చే కొన్ని గోలీలు సారాతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది.

చివరికి నల్లగొండలో ఒక సైకియాట్రిస్టు మేడం రెండూ అడిగింది. ఏది ముందు మొదలైంది, తాగని రోజుల్లో భయం ఎట్లా ఉంటుంది, కల్లు కూడా తాగుతావా అని. మా వైపు కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజెపాం లాంటి మత్తు మందులు కలుపుతారు కాబట్టి అది కూడా తెలియాలంది. రోజూ తాగితే మెదడు ఆ మత్తుకు తగ్గట్టు తన బ్రేకులు వదులు చేసుకుంటుందట, మత్తు దిగగానే ఆపేది లేక వణుకు, దడ, భయం ఒక్కసారే మీద పడతాయట. నా పొద్దుటి బుగులులో సగం తాగుడు పెట్టిందేనని అప్పుడు అర్థమైంది.

ఇంట్లో ఒక్కసారే ఆపొద్దని గట్టిగా చెప్పింది. ఎక్కువ తాగేవాళ్లకు మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మనుషుల్ని గుర్తుపట్టలేని అయోమయం కూడా. అందుకే ఆస్పత్రిలో ఉంచి, విటమిన్ బీ1 ఇంజెక్షన్లు, వణుకు, ఫిట్స్ రాకుండా చూసే గోలీ క్లోర్‌డయాజెపాక్సైడ్ రోజురోజుకూ తగ్గిస్తూ ఇచ్చారు. అది కూడా అలవాటు పడే గోలీయే కాబట్టి కొద్ది రోజులకే ఆపేశారు.

తాగకుండా కొన్ని వారాలు గడిచాక చూస్తే వణుకు పోయింది, జనం మధ్య బుగులు మాత్రం అట్లనే ఉంది. దానికి ఎస్సిటాలోప్రామ్ పెట్టారు. మొదట్లో కడుపులో తిప్పింది, గాబరా కాస్త పెరిగింది కూడా. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పకపోతే మానేసేవాణ్నే. తాగాలన్న కోరిక తగ్గడానికి లివర్ టెస్టు చేశాక నాల్ట్రెక్సోన్ ఇచ్చారు.

గోలీలకంటే కష్టమైంది కౌన్సెలింగ్. దడ వచ్చినా దిగకుండా నార్కట్‌పల్లి దాకా బస్సులో కూర్చోవాలి, నలుగురిలో నిలబడి మాట్లాడాలి, భయం దానంతటదే తగ్గేదాకా అక్కడే ఉండాలి. తగ్గుతుంది, నిజంగా తగ్గుతుంది, నేను నమ్మలేదు గానీ తగ్గింది.

పెళ్లిళ్లలో "కల్లు చెట్టు మీది నుంచి వచ్చేదే కదరా, ఏం గాదు" అనే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు మా ఆవిడే జవాబు చెప్తుంది.

ఎస్సిటాలోప్రామ్ ఇంకా నడుస్తోంది, బాగుంది కదా అని సొంతంగా ఆపొద్దన్నారు. మీ ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉంటే డాక్టరు అడిగినా అడగకపోయినా తాగుడు, భయం, కల్లు మూడూ చెప్పండి. డాక్టరు దగ్గరకు రానని మొండికేస్తే టెలీ మానస్ అని మానసిక సమస్యలకు సర్కారు ఫోన్ హెల్ప్‌లైన్ 14416 ఉంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. మా ఇంట్లో మొదటి ఫోన్ చేసింది మా ఆవిడే.