మసాలా డబ్బా తెరవకుండా చేసే కీమా శాండ్‌విచ్

కీమా అనగానే మన చెయ్యి పసుపు, ధనియాల పొడి, గరం మసాలా వైపు పోతుంది. ఈ వంటకు మాత్రం ఆ డబ్బా తెరవొద్దు. కొరియావాళ్ల బుల్గోగి రుచిని కీమాలోకి తెచ్చి బన్నులో పెట్టుకునే వంట ఇది. ఒక్క చెంచా గరం మసాలా పడ్డా మళ్లీ మన కీమా కూరే అయిపోతుంది. మన కీమా అంటే నాకూ ప్రాణమే, ఆదివారం అదే వండుతాను. కానీ మిర్యాలగూడలో డ్యూటీ ముగించుకుని నల్గొండలో ఇల్లు చేరేసరికి ఏడు దాటే రోజుల్లో ఇదే నాకు దిక్కు. అరగంటలో తినేయొచ్చు.

అసలు బుల్గోగికి గొడ్డు మాంసాన్ని పల్చటి ముక్కలుగా కోసి సోయా సాస్, వెల్లుల్లి, చక్కెర, నువ్వుల నూనె, తురిమిన బేరిపండు పట్టించి నానబెడతారు. బేరిపండు మాంసాన్ని మెత్తబరుస్తుంది. కీమాకు ఆ అవసరం లేదు కాబట్టి నానబెట్టే టైం మిగులుతుంది.

మా ఇంట్లో వండేది పెద్ద కూర, ఇక్కడ దొరికే బర్రె మాంసం. కొవ్వు తక్కువ, అందుకే పెంక మీద ముందుగా రెండు చెంచాల నూనె వేయాలి. అర కిలో కీమాను కడిగితే నీళ్లు పూర్తిగా పిండేయండి. ఈ ఒక్క పని మీదే వంటంతా ఆధారపడి ఉంది. నీళ్లున్నంతసేపు కీమా 100 డిగ్రీల దగ్గరే ఉడుకుతూ ఉంటుంది. అది ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీల దాకా పోవాలి. వెడల్పు పెంక బాగా కాలాక కీమా పల్చగా పరిచి, గరిటె పక్కన పెట్టేయండి. కదపొద్దు. ముందు నీళ్లు ఊరి తుకతుకమంటుంది, అవి ఇగిరాక చప్పుడు మారి చిటపటలు మొదలవుతాయి. అంచులు ముదురు ఎరుపుకు తిరిగాక తిప్పి, ఉండలు చిదిపి, లోపల పచ్చి లేకుండా వేయించాలి.

అప్పుడు ఆరేడు వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క తరిగి వేసి, పచ్చి వాసన పోయాక మూడు పెద్ద చెంచాల సోయా సాస్, రెండు చెంచాల బెల్లం తురుము, ఒకటిన్నర చెంచా గోచుజాంగ్. బెల్లం ముందే వేస్తే మాడుతుంది. ఉప్పు వేయకండి, సోయా సాస్‌లో ఉన్నది చాలు. గోచుజాంగ్ అంటే ఎండుమిరప పొడి, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా కలిపి ఊరబెట్టిన ముద్ద. పెద్ద సూపర్‌మార్కెట్లలోనో ఆన్‌లైన్‌లోనో దొరుకుతుంది. దాని బదులు మన కారం వేస్తే మంట వస్తుంది, ఆ పులిసిన రుచి రాదు.

“కూరల బెల్లమేందమ్మా?” అన్నది మా అత్తమ్మ చూసి.
“గుమ్మడికాయ పులుసుల వేస్తలేమా అత్తమ్మా?” అన్న.
తిన్నాక ఇంకో బన్ను అడిగింది. ఆ తీపిని తగ్గించకండి, దాని పక్కన పులుపు పెట్టండి. కీర, ఉల్లిగడ్డ పల్చగా తరిగి వెనిగర్, చిటికెడు ఉప్పు, కొంచెం చక్కెర కలిపి కీమా వేగేలోపు పక్కన పెడితే సరిపోతుంది.

నువ్వుల నూనె దగ్గర ఒక తేడా ఉంది. కొరియావాళ్లు వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె వాడతారు, అందుకే అంత ఘాటు వాసన. మన గానుగ నూనె పచ్చి నువ్వులది. నేను ఒక చెంచా నువ్వులు దోరగా వేయించి, రోట్లో నలిపి, గానుగ నూనెతో కలిపి పొయ్యి ఆర్పాక పైన వేస్తాను. ఉల్లికాడలు కూడా అప్పుడే.

క్లాక్ టవర్ దగ్గర బేకరీలో సాయంత్రం తెచ్చిన బన్నులైతే చీల్చి, లోపలి వైపు వెన్న రాసి అదే పెంక మీద కాల్చండి. పెంకకు అంటుకున్న సాస్ బన్ను పీల్చుకుంటుంది. మయోనీస్ ఒక చెంచా, కీమా, పైన కీర ముక్కలు. అర కిలోకు ఆరు బన్నులు నిండుతాయి.

మిగిలితే మరునాడు టిఫిన్ బాక్సులో వేడి అన్నం మీద వేసి పైన గుడ్డు పొరటు పెట్టుకోండి, బాగుంటుంది. జొన్నరొట్టెలోకి మాత్రం నాకు నచ్చలేదు.