యాళిని అమ్మితే "రమ్మీ డబ్బులా?" అన్నారు

డబ్బు నిన్ననే అకౌంట్లో పడింది, కోపం మాత్రం ఇంకా దిగలేదు.

మైన్‌క్రాఫ్ట్ అనే బ్లాకుల వీడియో గేమ్‌కి యాళి చేశాను, గుడి శిల్పాల్లో కనిపించే సింహంలాంటి కల్పిత జంతువు. హంపి విఠలాలయం స్తంభాల మీద లంఘిస్తూ ఉంటుందే, అదే. నేను తొండం ఉన్న రకం ఎంచుకున్నా. ఇలాంటి బొమ్మలు చేసే బ్లాక్‌బెంచ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, కాస్త ఓపికుంటే బొమ్మ వచ్చేస్తుంది. తొండం ఒకటే ఏడిపించింది. ఒకే ముక్కగా చేస్తే బిగుసుకుపోయింది, ఐదు ముక్కలు చేసి ఒకదాని తర్వాత ఒకటి కొంచెం ఆలస్యంగా కదిలేలా పెడితే అప్పుడు ఊగింది. మా అక్క కొడుకు దానెక్కి తిరిగి "మామా, డ్రాగన్ దీని ముందు వేస్ట్" అన్నాడు. మరి విజయనగర శిల్పుల డిజైన్ అంటే ఏమనుకున్నారు!

ఈ గేమ్‌కి జావా ఎడిషన్, బెడ్‌రాక్ అని రెండు రకాలు. జావాలో మాడ్ (ఆటకి మనం చేర్చే మార్పు) చేసి పంచుకోవచ్చు కానీ డబ్బుకి అమ్మనివ్వరు. అమ్మాలంటే బెడ్‌రాక్‌కి యాడ్-ఆన్‌గా చేసి, గేమ్ వాళ్ళ సొంత దుకాణం మార్కెట్‌ప్లేస్‌లో పెట్టాలి, అక్కడా పార్ట్‌నర్లుగా తీసుకున్నవాళ్ళకే అవకాశం. అందుకని అలా పార్ట్‌నర్‌గా ఉన్న ఒక అమెరికా స్టూడియోతో రాయల్టీ వాటాకి ఒప్పుకున్నా. అమెరికా నుంచి డబ్బు తీసుకునే విదేశీయులు నింపే డబ్ల్యూ-8బెన్ పన్ను ఫారంలో పాన్ నంబరు రాసి, రెండు దేశాల పన్ను ఒప్పందం చూపించండి, రాయల్టీ మీద 30 శాతం బదులు 15 శాతమే కోస్తారు. ఇది ఎవరూ పిలిచి చెప్పరు.

ఇక బ్యాంకు. బయటి దేశం నుంచి డబ్బొస్తే పర్పస్ కోడ్, అంటే ఎందుకొచ్చిందో తెలిపే కోడ్ చెప్పాలి, అది తేలేదాకా ఆపేశారు. కౌంటర్లో ఆయన "ఎందుకొచ్చింది?" అన్నాడు. "గేమ్‌కి సార్" అన్నా. అంతే, హాలంతా వినపడేలా "రమ్మీయా?" అని అడిగాడు. పింఛను కోసం నిలబడ్డ పెద్దాయన నన్ను కిందనుంచి పైదాకా చూసి "ఇంట్లోవాళ్ళకి తెలుసా బాబూ?" అన్నాడు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆటల మీద చట్టం చేసింది, అనుమానం రావడం తప్పనను. కానీ ఒప్పందం కాగితం చేతిలో పెట్టాక కూడా చదవకుండా పక్కావిడకి చూపించి నవ్వడం ఏంటి? ఫోన్లో యాళిని చూపిస్తే "ఈ ఏనుక్కి అమెరికావాళ్ళు డాలర్లిస్తారా?" అట.

మేనేజర్ గారు ఇంకో మెట్టు పైన. "గిఫ్ట్ అని రాసేద్దాం, పనైపోతుంది" అన్నారు. రాయల్టీని గిఫ్ట్ అని రాసి, రేపు ఇన్‌కంటాక్స్ వాళ్ళడిగితే సమాధానం ఎవరు చెప్తారు? కుదరదన్నా. రిజర్వు బ్యాంకు కోడ్ల జాబితా ప్రింటు తీసుకెళ్ళి, పి-09 వరుసలో రాయల్టీల్లాంటి లైసెన్స్ రాబడి ఉన్న చోట వేలు పెట్టి చూపించాక "ముందే చెప్పొచ్చుగా" అన్నారు. మొదటి రోజునుంచీ ఆ మాటే చెప్తున్నానమ్మా!

మీరు వెళ్తే "గేమ్" అనే మాట నోటెంట రానివ్వకండి, "సాఫ్ట్‌వేర్ రాయల్టీ" అనండి. డబ్బు పడగానే, బయటి దేశం నుంచి వచ్చిందని బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ అడ్వైస్ కాగితం అడిగి తీసుకోండి, అడక్కపోతే ఇవ్వరు.

ఇప్పుడు రెండు తలల పక్షి గండభేరుండం మొదలుపెట్టా. దాని డబ్బు మాత్రం వేరే బ్యాంకులోనే వేయించుకుంటా.