దువ్వెన అంటే తాళంచెవి

ఆ రోజు పొద్దున బయటికి వెళ్లబోతూ మా ఆయన్ని "ఆ దువ్వెన ఇలా ఇవ్వండి" అన్నాను. ఆయన తెచ్చి ఇచ్చారు. నాకు కావలసింది తాళంచెవి. "ఇది కాదండీ, దువ్వెన!" అన్నాను విసుగ్గా. నా చెవికి మాత్రం "తాళంచెవి" అనే వినిపించింది. మూడోసారి అడిగేటప్పటికి దువ్వెన నా కుడిచేతిలోంచి జారిపోయింది. మూతి కుడివైపు వాలిపోయిందని ఆయన తర్వాత చెప్పారు.

అది పక్షవాతం, బ్రెయిన్ స్ట్రోక్. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఇది ఎన్నింటికి మొదలైందని. అదృష్టం కొద్దీ మా ఆయనకి టైము గుర్తుంది. మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో చూసుకుని, రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట. నాలుగు రోజులకి చెయ్యి పట్టు దొరికింది. మాటే దొరకలేదు.

చూడటానికి వచ్చినవాళ్లంతా "అయ్యో, మాట పడిపోయిందా" అన్నారు. పడిపోలేదు. నేను పిలిచిన మాట రాకుండా దాని బదులు ఇంకోటి వచ్చి కూర్చునేది. దీన్ని అఫేసియా అంటారు. ఏం చెప్పాలో తెలుసు, ఎదుటివాళ్లు అనేదీ చాలావరకు అర్థమవుతుంది. అయినా కొందరు నాకు చెవుడు వచ్చినట్టు గట్టిగా అరిచి మాట్లాడేవారు. ఇంకొందరు నన్ను పక్కనే పెట్టుకుని "ఈవిడకి తెలుస్తోందా?" అని మా ఆయన్ని అడిగేవారు. ఆ కోపం చెప్పడానికైనా మాట కావాలి కదా.

ఒకరోజు మా ఆయన్ని "అన్నయ్యా" అని పిలిచాను. నర్సు తల తిప్పుకుని నవ్వింది. ఆయన మాత్రం ఏమీ జరగనట్టు "ఆఁ, చెప్పు" అన్నారు. గడియారాన్ని గడిరాయం అనేదాన్ని. అన్నిటికన్నా ప్రమాదం అవును, కాదు. నొప్పి ఉందా అని అడిగితే, ప్రాణం పోతున్నా "లేదు" అని వచ్చేది నోట్లోంచి. అందుకని మా అమ్మాయి బొటనవేలు పైకి, కిందకి చూపించే పద్ధతి పెట్టింది. నోరు "లేదు" అంటున్నా వేలు పైకి లేస్తే వేలినే నమ్మేవారు.

విచిత్రం ఏమిటంటే, అంకెలు వరసగా చెప్పమంటే గడగడా చెప్పేదాన్ని. ఏడు అని మాత్రం విడిగా అనలేను. ఒకటి దగ్గర మొదలుపెట్టి ఏడు రాగానే ఆగిపోవాలి. ఎవరైనా టైము అడిగితే ఇదే తంతు.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూసిన ఒక రోగి గురించి మా అమ్మాయి చదివి చెప్పింది. ఏం అడిగినా అతని నోట "టాన్" అనే వచ్చేదట. ఆసుపత్రిలో అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవారట. అంటే మాటలన్నిటి బదులు వచ్చిన ఆ ముక్క చివరికి పేరునీ మింగేసిందన్నమాట. అతను పోయాక చూస్తే మెదడులో ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నన్ను దువ్వెనమ్మ అంటారేమోనని టెన్షన్.

స్పీచ్ థెరపిస్టు బొమ్మల కార్డులు పెట్టేది. తాళంచెవి బొమ్మ. నేను గుడ్లప్పగించి చూస్తూ ఉంటే "తా..." అనేది. అంతే, మిగతాది దొర్లుకుంటూ వచ్చేసేది. కొన్నాళ్లకి ఆ "తా" కూడా మానేసింది. "దేనికి వాడతారు? ఎక్కడ పెడతారు? ఎలా ఉంటుంది?" అని చుట్టూ తిప్పేది. ఎలా ఉంటుంది అంటే "పళ్లుంటాయి" అన్నాను. అప్పుడు వెలిగింది, దువ్వెనకీ పళ్లే కదా! నోట్లో తప్పుగా వచ్చే మాటలు ఎక్కడినుంచో ఊడిపడలేదు, పక్కింటివే.

ఆవిడ నాకు నిషేధించిన మాట ఒకటే: "అది". "అదే... అది ఇవ్వండి" అంటే ఇంట్లోవాళ్లు ఠక్కున అందించేస్తారు, నేను మాట వెతుక్కోవడం మానేస్తాను. నిజం చెప్పాలంటే జబ్బు లేనివాళ్లు కూడా రోజంతా దాంతోనే బండి లాగిస్తారు. నాకు మాత్రం "అది" అన్నప్పుడల్లా మా అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడేది. "ఏది అమ్మా?" ఎన్నిసార్లు ఏడ్చానో.

మొదటి మూడు నెలల్లో గబగబా కోలుకున్నాను, తర్వాత నత్తనడక. ఇప్పటికి పద్నాలుగు నెలలు. అలసిపోయినప్పుడు, నలుగురూ ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు ఇంకా తడబడతాను. నా తప్పుమాటలన్నీ మా అమ్మాయి ఒక నోటుబుక్కులో రాసిపెట్టింది, ఎదురుగా అసలు మాటతో సహా. మొదటి పేజీలో మొదటి వరస దువ్వెనదే.

మొన్న బయల్దేరుతూ, ఎక్కడా తడుముకోకుండా "తాళంచెవి ఎక్కడండీ?" అన్నాను. ఆయన పేపరులోంచి తలెత్తి "ఏంటీ?" అన్నారు.

"దువ్వెన" అన్నాను.

"ఓ, అదా. తలుపు వెనక మేకుకి ఉంది చూడు."