బాత్కో ఊళ్లో ఒక రోజు

మా నల్గొండలో పాతకాలం వాళ్లకు దొరలు రెండు రకాలు. గడీలో ఉండే దొర, మిషన్ బంగ్లాలో ఉండే దొర. గడీ దొర దగ్గర జీతమున్న మా ముత్తాతకు బాప్తిస్మం ఇచ్చింది బంగ్లా దొర, అబ్రహాం ఫ్రీసెన్. రష్యా సామ్రాజ్యంలో స్థిరపడ్డ జర్మన్ మాట్లాడే ప్రొటెస్టెంట్ క్రైస్తవులు మెన్నోనైట్లు, వాళ్లలోని మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం పంపగా 1890లో నల్గొండకొచ్చిన మిషనరీ. ఆయన వాళ్లు బతికిన నేల ఇప్పుడు ఉక్రెయిన్. తమ్ముడి కొడుకు అక్కడి జపోరిజ్జియాలో ఎంబీబీఎస్ చదువుతుంటే, అదే వంకగా 2019 అక్టోబర్‌లో వెళ్లాను.

మెన్నోనైట్లు 1789లో వచ్చి దిగిన ఖోర్టిత్సాలో వందల ఏళ్ల ఓక్ చెట్టుంది. దాదాపు ఎండిపోయింది. ఒక ఫొటో తీసుకుని కదిలాం.

నన్ను ఆపేసింది ఐఖెన్‌ఫెల్డ్, ఒకప్పటి మెన్నోనైట్ల ఊరు. ఇప్పుడక్కడ ఊరు లేదు, పొలాలు, 2001లో పెట్టిన స్మారక శిల. 1919 అక్టోబర్‌లో, అంతర్యుద్ధం నడుమ, రైతు తిరుగుబాటు నాయకుడు మఖ్నో సేన ఒక్క రాత్రిలో ఈ ఊళ్లో 70 మందికి పైగా చంపింది, ఎక్కువగా మగవాళ్లను. ఆయుధం పట్టబోమని ఒట్టేసుకున్న జాతి వీళ్లది. కానీ ముందు ఏడాదే జర్మన్ సైన్యం అండతో కొందరు కుర్రాళ్లు తుపాకులు పట్టారు. ఆ మాట చెప్పకుండా ఈ కథ చెబితే అబద్ధమే. రాయి మీద చెయ్యి పెట్టాను, చల్లగా, తడిగా ఉంది.

మర్నాడు హులియైపోలే. మఖ్నో సొంతూరు. నెస్టర్ మఖ్నో చిన్నప్పుడు పశువులు కాశాడు, మెన్నోనైట్ల ఎస్టేట్‌లోనూ కూలి చేశాడు. ఇక్కడ ఆయన బాత్కో, అంటే నాయన. 2009లో విగ్రహం కూడా పెట్టారు. ఐఖెన్‌ఫెల్డ్ హత్యలకు ఆయనే ఆజ్ఞ ఇచ్చాడా అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. ఈ ఊరివాడైన మా డ్రైవర్‌కు మాత్రం ఆ సందేహమే లేదు.

“అంతా ఆ దొరల కల్పన అంటున్నాడు పెద్దనాన్నా,” అన్నాడు మా వాడు, రష్యన్‌లోంచి తెలుగులోకి మారుస్తూ.

నాకు కోపం రాలేదు. గడీల మీదికి దండు కట్టిన పల్లెల మనిషిని, పశువులు కాసిన పిల్లవాడి కసి నాకు కొత్త కాదు. అలాగని ఆ రాతి చల్లదనం అరచేతిలోంచి పోలేదు కూడా.

తిరిగొస్తుంటే డ్రైవర్ మా పూర్వీకుల సంగతి అడిగాడు. దొర దగ్గర జీతగాడని చెప్పించాను. స్టీరింగ్ మీద చరిచి, “అయితే మావాడే!” అన్నాడు.

బాప్తిస్మం సంగతి చెప్పమని మా వాడికి నేను చెప్పలేదు.