రిపోర్టు అవునూ అనలేదు, కాదూ అనలేదు

అమ్మకు అల్జీమర్స్ ఉందేమో చూపించాలి అన్నప్పుడు తెలిసినవాళ్లంతా ఒకటే అడిగారు: ‘ఇప్పుడు రక్త పరీక్షతోనే తెలిసిపోతుందట కదా?’ తెలుస్తుంది. అయితే రక్తం తీయడానికి ముందు ఏమేమి చూశారన్న దాన్ని బట్టే ఆ అంకెకు విలువ. బెంగళూరులో మేము ఈ పని ఎలా పూర్తి చేసుకున్నామో, ఇదే అవసరంలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

అమ్మది మదనపల్లె. నాన్న పోయాక మారతహళ్లిలో మా దగ్గరే ఉంటోంది. ఊళ్లో ఉన్న రోజుల్లో వీధిలోని ఆడవాళ్ల చీటీలన్నీ ఆమే నడిపేది. ఏ నెల ఎవరు పాడుకున్నారు, ఎవరు ఎంత బాకీ, అంతా నోటిలెక్కే. అలాంటి మనిషి నెల సామాన్ల బిల్లు కూడబోయి, మధ్యలో ఆగి, కాగితం పక్కన పెట్టేయడం మొదలుపెట్టింది. పేర్లు గుర్తు రాకపోతే వయసు అని సరిపెట్టుకునేదాన్ని. లెక్క తప్పేసరికి భయం పట్టుకుంది.

మేము కలిసిన న్యూరాలజిస్టు గారు మొదటి రోజు అల్జీమర్స్ మాటే ఎత్తలేదు. నన్ను విడిగా కూర్చోబెట్టి అడిగినవన్నీ వేరు. ఇది మెల్లగా పెరిగిందా, ఒక్కసారిగా వచ్చిందా? నిద్రలో కాళ్లూ చేతులూ విసురుతుందా? లేని మనుషులు కనిపిస్తున్నారంటుందా? నడక మారిందా? మూత్రం ఆపుకోలేకపోతోందా? ఒక్కో ప్రశ్న వెనుక ఒక్కో జబ్బు ఉందని తర్వాత తెలిసింది. నిద్రలో విసుర్లు, లేనివి కనిపించడం లూయీ బాడీ డిమెన్షియా అనే మరో రకం మతిమరుపు జబ్బును అనుమానించేలా చేస్తాయి. నడక, మూత్రం, మతిమరుపు మూడూ కలిస్తే మెదడులో నీరు చేరిందేమో చూడాలి.

ఆ తర్వాత బి12, థైరాయిడ్, సోడియం, మూత్రపిండాల పని చూపే క్రియాటినిన్, ఎంఆర్‌ఐ రాశారు. బి12 బాగా తక్కువగా వచ్చింది. అమ్మ షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది. ఆ మాత్రను ఎక్కువ కాలం వాడేవారిలో బి12 తగ్గవచ్చు, దాని లోపంతోనే మతిమరుపు రావచ్చు. ఇంజెక్షన్లు మొదలుపెట్టి కొన్నాళ్లు ఆగమన్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడికి ఈ ఆగడం నచ్చలేదు, నేరుగా రక్త పరీక్షకే వెళ్లమని రోజూ ఫోను చేసేవాడు. డాక్టర్ గారు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనకు దండం పెట్టాలనిపిస్తుంది. అరికాళ్ల తిమ్మిర్లు తగ్గాయి, నీరసం పోయింది, మాటల్లో చురుకు కొంత తిరిగి వచ్చింది. లెక్క మాత్రం రాలేదు. బి12 వల్ల పోయింది ఎంత, వేరే కారణంతో పోయింది ఎంత అన్నది అలా విడిపోయింది.

జ్ఞాపకశక్తి పరీక్ష విషయంలో నేను గట్టిగా నిలబడాల్సి వచ్చింది. అది కన్నడంలో మొదలుపెట్టారు. అమ్మకు కూరల బండి దగ్గర సరిపోయేంత కన్నడం వచ్చు. ఒక కథ విని అరగంట తర్వాత తిరిగి చెప్పేంత రాదు. మార్కులు చాలా తక్కువ వచ్చాయి. తెలుగులో చేయించాలని పట్టుబట్టాను. భారత వైద్య పరిశోధన మండలి ఇలాంటి పరీక్షల సమితిని హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషల్లో తయారు చేయించింది కాబట్టి అది గొంతెమ్మ కోరిక కాదు. తెలుగు వచ్చిన సైకాలజిస్టు దగ్గర మళ్లీ చేస్తే మార్కులు పెరిగాయి. విన్నదాన్ని కాసేపటి తర్వాత గుర్తుచేసుకునే భాగం మాత్రం బలహీనంగానే ఉంది. మన ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లను పరాయి భాషలో పరీక్షించి మతి పోయిందని తేల్చేయడం అన్యాయం. దయచేసి అడగండి.

అప్పుడు వచ్చింది పి-టౌ 217 అనే రక్త పరీక్ష మాట. అల్జీమర్స్‌లో మెదడు కణాల మధ్య అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుంటుంది, కణాల లోపల టౌ అనే మరో ప్రోటీన్ చిక్కుపడుతుంది. టౌ గొలుసులో 217వ స్థానంలో ఫాస్ఫేటు చేరిన రూపమే పి-టౌ 217, ఈ జబ్బులో అది రక్తంలో పెరుగుతుంది. దాన్ని కొలిచేది పికోగ్రాముల్లో, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతుల్లో. 2025 మే నెలలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఇలాంటి రక్త పరీక్షకు మొదటిసారి అనుమతి ఇచ్చింది. అది పి-టౌ 217కూ, అమిలాయిడ్‌లో ఒక రకమైన అమిలాయిడ్ 42కూ ఉన్న నిష్పత్తిని చూస్తుంది. 55 ఏళ్లు నిండి, లక్షణాలు ఉన్నవారికే అనుమతి. 499 మంది మీద చూసినప్పుడు, పాజిటివ్ వచ్చినవారిలో 91.7 శాతం మందికి స్కాన్‌లోనో వెన్నునీటిలోనో అమిలాయిడ్ కనిపించింది. నెగెటివ్ వచ్చినవారిలో 97.3 శాతం మందికి అది లేదు. 20 శాతం లోపు మందికి ఎటూ తేలలేదు.

డాక్టర్ గారు ఇవన్నీ వివరించి, ‘అమ్మగారిని అడిగారా?’ అన్నారు. ఇంటికి వెళ్లి అడిగాను. అమ్మ సూటిగా చెప్పింది: “తెలిస్తే ఏం చేస్తారో ముందు చెప్పు. అప్పుడు గుచ్చుకుంటాను.” మందులు ఈ జబ్బును నయం చేయలేవని, కొన్ని లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచుతాయని చెప్పాను. ఇల్లు, బ్యాంకు పనులు నీ ఇష్టప్రకారం ఇప్పుడే చక్కబెట్టుకోవచ్చని కూడా చెప్పాను. రెండో మాటకు ఒప్పుకుంది.

ఊదా మూత ఉన్న గొట్టంలో రక్తం తీశారు. దాన్ని ఆలస్యం చేయకుండా యంత్రంలో గిర్రున తిప్పి, ప్లాస్మా అనే ద్రవభాగాన్ని వేరుచేసి, మంచుగడ్డలా గడ్డకట్టేంత చల్లబరిచి పంపాలి. ఆ ఏర్పాటు ఉన్న ల్యాబునే ఎంచుకోమని డాక్టర్ గారు ముందే చెప్పారు.

రిపోర్టు మధ్యస్థంగా వచ్చింది. ఈ పరీక్షకు రెండు హద్దులు ఉంటాయి. కింది హద్దుకు దిగువన ఉంటే లేదని, పై హద్దు దాటితే ఉండే అవకాశం ఎక్కువని అర్థం. అమ్మ అంకె ఆ రెండింటి నడుమ ఆగింది. దానికి తోడు షుగరు వల్ల ఆమె క్రియాటినిన్ కాస్త ఎక్కువ. మూత్రపిండాల పని మందగిస్తే పి-టౌ 217 రక్తంలో పెరుగుతుంది, నిష్పత్తి తీసుకుంటే ఆ ప్రభావం కొంత తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. అదీగాక ఈ హద్దులు ఎక్కువగా అమెరికా, ఐరోపా మనుషుల మీద కుదిర్చినవి. మా ఊరికి దగ్గరే ఉన్న కోలారు జిల్లా శ్రీనివాసపురంలో, 45 దాటిన పల్లె ప్రజల మెదడు ఆరోగ్యాన్ని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లోని మెదడు పరిశోధన కేంద్రం ఏళ్ల తరబడి గమనిస్తోంది. మనవాళ్ల కొలతలు మనవాళ్ల నుంచే రావాలి కాబట్టి ఆ పని మీద నాకు చాలా ఆశ ఉంది.

ఇక మిగిలినవి మెదడులో అమిలాయిడ్‌ను చూపే పెట్ స్కాన్, వెన్నునీరు తీయడం. పెట్ స్కాన్ ఖర్చు ఎక్కువని రెండోది ఎంచుకున్నాము. వెన్నులో సూది అనగానే భయపడ్డాను గానీ, అమ్మ పక్కకు ముడుచుకుని పడుకుని ఓర్చుకుంది. ఆ నీటిని మామూలు గాజు గొట్టంలో పట్టరు. అమిలాయిడ్ గోడలకు అంటుకుపోయి అసలు కన్నా తక్కువ చూపిస్తుందని పాలీప్రొపిలీన్ గొట్టంలోనే పట్టారు. మెదడులో పేరుకునే కొద్దీ ఈ నీటిలో తగ్గిపోయే అమిలాయిడ్ 42 తగ్గింది, ఫాస్ఫేటు చేరిన టౌ పెరిగింది. అల్జీమర్స్ తొలి దశ అని అలా నిర్ధారణ అయింది.

వరండాలో పరిచయమైన ఒకావిడ, భర్తకు పార్కిన్సన్స్ అనుమానమని, ఈ రక్త పరీక్షే ఆయనకూ చేయించవచ్చా అని అడిగింది. అది అల్జీమర్స్ మార్పుల కోసమే. న్యూరోఫిలమెంట్ అనే మరో రక్త పరీక్ష ఉంది గానీ, అది దూరాన పొగ కనిపించడం లాంటిది: నరాల తంతువులు దెబ్బతింటున్నాయని చెబుతుంది, ఏ జబ్బుతోనో చెప్పదు. నాకూ చేయించుకోవాలనిపించి డాక్టర్ గారిని అడిగాను. లక్షణాలు లేనివారిలో పాజిటివ్ వచ్చినా అది తప్పయ్యే అవకాశం ఎక్కువని, నిజమైనా జబ్బు ఎప్పుడు బయటపడుతుందో, అసలు పడుతుందో లేదో ఎవరూ చెప్పలేరని వద్దన్నారు. ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ పరీక్షను ప్యాకేజీలో కలిపి అమ్మడం నాకు ఏమాత్రం నచ్చదు.

అమ్మకు లక్షణాలను అదుపులో ఉంచే డోనెపెజిల్ మాత్ర మొదలైంది, బి12 కొనసాగుతోంది. వచ్చే నెల మదనపల్లె వెళ్లి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వీలునామా రిజిస్టరు చేయిస్తున్నాము. ఆమె సొంత బుద్ధితో నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉందని డాక్టర్ గారు రాసిచ్చిన పత్రం తీసుకువెళ్తున్నాము. ఎవరికి ఏమి ఇవ్వాలో అమ్మే చెప్పి రాయించింది.