దిండు మీద ఎంత వెలుగు పడుతోంది?

చలికాలం వచ్చేసరికి ఎంత పడుకున్నా నిద్ర చాలదు, పొద్దున ఒళ్లు లేవదు, ఏ పని మీదా మనసు పోదు, ఎండలు మొదలయ్యాక అంతా సర్దుకుంటుంది. ఏటా ఇలాగే జరుగుతుంటే దాన్ని బద్ధకం అనుకుని తిట్టుకోకండి. 1984లో మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్ బృందం దీన్ని సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్, అంటే కాలాన్ని బట్టి వచ్చే కుంగుబాటు అని వర్ణించింది.

దీనికి వాడే 10,000 లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత) లైట్ ముందు మేలుకుని అరగంట కూర్చోవాలి. తెల్లవారడాన్ని అనుకరించే డాన్ లైట్‌కి ఆ అవసరం లేదు. మీరింకా నిద్రలో ఉండగానే గంట, గంటన్నర పాటు చీకట్లోంచి మెల్లగా పెరుగుతూ, లేచే వేళకి సుమారు 250 లక్స్‌కి చేరుతుంది. మూసిన రెప్పల్లోంచి లోపలికి వెళ్లేది కొంచెం వెలుగే. అయినా తెల్లవారుజామున శరీర గడియారాన్ని ముందుకు జరపడానికి అది పనికొస్తుంది.

ఎక్కువమంది పొరపాటు చేసేది దూరం దగ్గర. 800 ల్యూమెన్ల (బల్బు మొత్తంగా ఇచ్చే వెలుగుకు కొలత) బల్బు అన్ని వైపులా సమంగా వెలుగిస్తే అర మీటరు దూరంలో దాదాపు 255 లక్స్ పడుతుంది. అదే బల్బును మీటరు దూరంలో పెడితే 64కి పడిపోతుంది. అంటే గది మూలన పెట్టిన దీపం ఎంత ఖరీదైనదైనా దండగే. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, తెర దీపం వైపు ఉండేలా ఫోన్‌ను దిండు మీద నిలబెట్టి చూడండి. అంకె ఖచ్చితంగా ఉండదు గానీ 60కీ 250కీ తేడా తెలిసిపోతుంది. దీపం ముఖం ఎత్తుకి కాస్త పైన, 40-50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అటు తిరిగి పడుకునే అలవాటుంటే రెండో వైపు కూడా ఒకటి పెట్టాల్సిందే.

స్మార్ట్ బల్బుతో సొంతంగా చేసుకునేవాళ్లకు చిక్కంతా మొదటి నిమిషాల్లోనే. చాలా బల్బులు సున్నా నుంచి మెల్లగా ఎక్కవు, కనీస స్థాయికి ఒక్కసారిగా గెంతుతాయి. చీకటికి అలవాటుపడ్డ కంటికి ఆ గెంతు టార్చి వేసినట్టుంటుంది, మెలకువ వచ్చేస్తుంది. పైగా వెలుగును సమాన మెట్లలో పెంచితే మొదట్లో మరీ వేగంగా, చివర్లో అసలు మారనట్టు అనిపిస్తుంది. అందుకే సగం సమయం గడిచేదాకా 10 శాతం దాటనివ్వకండి, మిగతాదంతా రెండో సగంలో పెంచండి. డిమ్మింగ్‌కి పనికిరాని ఎల్‌ఈడీ అయితే మినుకుమినుకుమంటుంది, దాన్ని వాడొద్దు.

మరీ ముందే మెలకువ వస్తుంటే లైట్ మొదలయ్యే వేళను 15 నిమిషాల చొప్పున ఆలస్యం చేయండి. తలనొప్పి వస్తే చివరి వెలుగు తగ్గించండి. సెలవు రోజని ఆపేస్తే గడియారం మళ్లీ వెనకబడుతుంది, రోజూ ఒకే వేళకి వెలగాలి. కనీసం రెండు వారాలు చూడకుండా పని చేయలేదని తేల్చేయకండి.

బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే మానసిక జబ్బు) ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు, వెలుగు మేనియాను, అంటే ఆ అతి ఉత్సాహాన్ని రేపగలదు. రెటీనా జబ్బులున్నవాళ్లు, వెలుగుకు సున్నితత్వం పెంచే మందులు వాడేవాళ్లు కూడా ముందుగా అడగాలి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే దీపాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, ఆ రోజే సాయం అందుకోండి.

కిందటేడు నీరసం ఏ వారంలో మొదలైందో రాసి పెట్టుకుని, ఈసారి దానికి రెండు వారాల ముందే దీపం పెట్టండి. మీరు లేచే వేళకంటే ముందే కిటికీలోంచి ఎండ వచ్చే రోజులు మొదలయ్యాక, తెర తీసి ఉంచితే చాలు.