జూర్జూ–రూసే వంతెన: లారీ క్యూలో టాకోగ్రాఫ్ లెక్క

రొమేనియాలో ట్రేలర్ డ్రైవర్‌గా చేరినవాళ్ళకు టర్కీ లోడో గ్రీసు లోడో పడిందంటే దాదాపుగా తగిలేది జూర్జూ వంతెన. బుఖారెస్ట్ నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు. డాన్యూబ్ నదికి ఇవతల జూర్జూ, అవతల బల్గేరియా ఊరు రూసే. 1954లో సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు వంతెన ఇది. పొడవు సుమారు 2.2 కిలోమీటర్లు. పైన రోడ్డు, కింది అంతస్తులో ఒంటి రైలు పట్టా. పెద్ద ఓడలు వస్తే నడుమ భాగాన్ని పైకి లేపే ఏర్పాటు కూడా పెట్టారు. రోడ్డు మాత్రం పోవడానికి ఒక లేను, రావడానికి ఒక లేను, అంతే. వంతెన మీద ఒక్క బండి చెడిపోయినా వెనక క్యూ ఊరి దాకా పాకుతుంది. 2024 జులైలో బల్గేరియా వైపు పెద్ద మరమ్మతు మొదలుపెట్టి, ఒక లేను మూసి, ఉన్నదాని మీదే ఇటొక విడత అటొక విడత వదిలారు.

2025 జనవరి 1 నుంచి రెండు దేశాలూ పూర్తిగా షెంగెన్‌లోకి, అంటే లోపలి సరిహద్దుల్లో పాస్‌పోర్ట్ తనిఖీ లేని యూరప్ దేశాల గుంపులోకి వచ్చాయి. పాస్‌పోర్ట్ కిటికీ దగ్గర ఆగే పని పోయింది గానీ, పోలీసులు ఎప్పుడైనా పక్కకు ఆపి కాగితాలు అడగొచ్చు. పాస్‌పోర్టు, రొమేనియా రెసిడెన్స్ కార్డు ఒరిజినల్‌వే దగ్గరుండాలి. వీటితోపాటు మనబోటి ఈయూ (యూరోపియన్ యూనియన్) బయటివాళ్ళకు ఇంకో కాగితం ఉంది: డ్రైవర్ అటెస్టేషన్, అంటే కంపెనీ మనల్ని చట్టప్రకారమే పనిలో పెట్టుకుందనే ధ్రువపత్రం. కంపెనీ పేరున ఇస్తారు, ఎక్కువలో ఎక్కువ ఐదేళ్ళకు. ఒరిజినల్ బండిలోనే ఉండాలి. ఆఫీసు బీరువాలో ఒరిజినల్ పెట్టుకుని చేతిలో జిరాక్సు పెడితే బండి యార్డు దాటించకండి.

గల్ఫ్‌లో ట్రేలర్ నడిపి వచ్చినవాళ్ళు ఇక్కడ ఇరుక్కునేది మాత్రం టాకోగ్రాఫ్ దగ్గర, అంటే డ్రైవింగ్, పని, విశ్రాంతి వేళలు నమోదు చేసే మెషీన్ దగ్గర. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల బ్రేకు. దాన్ని రెండుగా విడగొట్టొచ్చు, అయితే ముందు 15, తర్వాత 30. తిరగేసి 30 ముందు తీసుకుంటే అది 15 కిందే లెక్క, మళ్ళీ 30 కావాలి. రోజుకు 9 గంటల డ్రైవింగ్, వారంలో రెండుసార్లు 10.

ఇక క్యూ. బండి ఆగగానే మెషీన్ తనంతట తానే సుత్తుల గుర్తు మీదికి, అంటే 'ఇతర పని'కి వెళ్తుంది. మంచం గుర్తు, అంటే విశ్రాంతి, మనం నొక్కాలి. నొక్కాక పన్నెండో నిమిషంలో ముందు బండి కదిలి మనమూ కదిలితే ఆ పన్నెండు నిమిషాలూ బ్రేకు కింద పనికిరావు, 15 ఏకబిగిన ఉండాల్సిందే. కదిలిన నిమిషాల లెక్క వేరు. ఒక నిమిషంలో ఏ పని ఎక్కువసేపు ఆపకుండా సాగిందో ఆ నిమిషమంతా దాని ఖాతాలో పడుతుంది. 20 సెకన్లు కదిలి 40 సెకన్లు ఆగితే అది డ్రైవింగ్ కాదు. అటూ ఇటూ ఉన్న నిమిషాలు డ్రైవింగ్ అయితే మాత్రం మధ్యదీ డ్రైవింగే. అందుకే పాకే క్యూలో రెండు గంటలుంటే డ్రైవింగ్ ఖాతాలో తక్కువే పడుతుంది, బ్రేకు ఖాతాలో ఏమీ పడదు. బ్రేకు క్యూలో దొరుకుతుందిలే అనుకోవద్దు. జూర్జూకి ముందే పార్కింగ్‌లో తీసేసుకుని క్యూలో చేరండి.

మంచం గుర్తు రోజును పొడిగించదు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఉదయం 5కి టాకోగ్రాఫ్‌లో డ్రైవర్ కార్డు పెట్టి పని మొదలెట్టారనుకోండి. 24 గంటల్లో 11 గంటల విశ్రాంతి పూర్తి కావాలి కాబట్టి సాయంత్రం 6కి బండి ఆగాలి. విశ్రాంతిని 9 గంటలకు తగ్గించుకుంటే రాత్రి 8. అలా తగ్గించుకోవడం రెండు వారపు విశ్రాంతుల మధ్య మూడుసార్లే. లోడింగ్ దగ్గర మూడు గంటలు, వంతెన దగ్గర నాలుగు పోతే, డ్రైవింగ్ ఇంకా మిగిలే ఉంటుంది, రోజే అయిపోతుంది.

అనుకోనిది జరిగి సమయం దాటితే ఈయూ డ్రైవింగ్ వేళల చట్టం 12వ ఆర్టికల్ కింద భద్రమైన పార్కింగ్ దాకా నడపొచ్చు. చేరగానే ప్రింటవుట్ తీసి, కారణం చేత్తో రాసి, దగ్గర పెట్టుకోవాలి. రోజూ ఉండే రద్దీని 'అనుకోనిది' అంటే తనిఖీలో ఒప్పుకోరు. తనిఖీకి ఆ రోజుదీ, దానికి ముందు 56 రోజులదీ రికార్డు చూపాలి, కాబట్టి పాత కాగితాలు పారేయకండి.

వంతెన టోలు బల్గేరియా రోడ్ టోలు కాదు, రెండూ వేరు. 3.5 టన్నులు దాటిన బండికి బల్గేరియాలో 2020 మార్చి నుంచి కిలోమీటరు లెక్కన టోలు. బండిలో ఆ టోలు లెక్కేసే పెట్టె పనిచేస్తోందో లేదో నది దాటకముందే చూసుకోవాలి.

జీతం సంగతి. చాలాచోట్ల మూల వేతనం కనీస వేతనం దగ్గరే ఉంచి మిగతాది దియూర్నా కింద, అంటే రోజు భత్యంగా ఇస్తారు. అది రోజుకా, తిరిగిన దూరానికా అన్నది కాంట్రాక్టులో చదవాలి. దూరాన్ని బట్టి కడితే క్యూలో గడిచిన రోజుకు చేతికొచ్చేది ఏమీ ఉండదు. రోడ్డు భద్రతకు ముప్పు తెచ్చేలా దూరానికి ముడిపెట్టిన జీతాన్ని ఈయూ చట్టం నిషేధించింది కూడా.

దారి మార్చాలంటే ఇదే నది మీద రొమేనియా కలఫాత్‌కీ బల్గేరియా విదిన్‌కీ మధ్య ఇంకో వంతెన ఉంది. 2013లో తెరిచారు, నాలుగు లేన్లు, పక్కన రైలు పట్టా. బుఖారెస్ట్ నుంచి అక్కడికి 300 కిలోమీటర్లకు పైనే, అంటే నాలుగున్నర గంటల డ్రైవింగ్ నదికి ఇవతలే హరించుకుపోతుంది. సోఫియా, గ్రీసు లోడుకు ఆలోచించొచ్చు. ఇస్తాంబుల్ లోడుకు జూర్జూలో నిలబడటమే చవక.